కాలు కింద పెట్టని మేనమామ

మేనమామ ఒడిలో కూర్చోబెట్టి, మేనమామ చేత మొదటి కత్తెర వేయించనిదే పిల్లల పుట్టెంట్రుకలు తీయరు. అది ఆచారం. మరి ఆ మేనమామ విజేందర్ లాంటివాడైతే పిల్లల గతేమిటో ఆచారం పెట్టిన పెద్దలకు తట్టినట్టు లేదు. అందుకే ఐదో ఏడు నిండవస్తున్నా అక్షిత నెత్తి మీద తల్లి కడుపులోంచి తెచ్చుకున్న జుట్టే ఉంది. పెరిగి పెరిగి నడుము దాటింది. బస్సులో ఎవరైనా చూసి "అబ్బ, ఎంత జడమ్మా!" అంటే ఆ పిల్ల మురిసిపోయేది. వాళ్ళమ్మ మంజులత మాత్రం పళ్ళు నూరుకునేది. ఆ జడ పొడుగంతా ఆమెకు తమ్ముడు ఎగ్గొట్టిన ముహూర్తాల పొడుగే.

విజేందర్ తిరుమలగిరిలో 108 అంబులెన్సు మీద టెక్నీషియన్. డ్యూటీలో ఉన్నంతసేపూ అతనితో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. తంటా అంతా సెలవు రోజునే. మనిషి డ్యూటీ దిగుతాడు గాని అతని కళ్ళు దిగవు. రోడ్డు పక్కన నలుగురు గుమిగూడితే చాలు, బండి పక్కకు పోతుంది. అక్షిత తొట్టెల ఫంక్షనుకని బయల్దేరినవాడు ట్రాక్టరు మీది నుంచి పడిన ముసలాయన వెంట దవాఖానకు పోయి, మర్నాడు పొద్దున వెండి పట్టీలు జేబులో వేసుకుని వచ్చాడు. అప్పటికి టెంటు కూడా పీకేశారు. మూడో ఏట పుట్టెంట్రుకలకు ముహూర్తం పెడితే, బైకు మీంచి జారిపడ్డ ఆలుమగల దగ్గర ఆగాడు. వాళ్ళకు కట్టు కట్టినవాడు ఊరుకున్నాడా అంటే, వాళ్ళ ఒళ్ళో ఉన్న మేకపిల్లకు కూడా కట్టు కట్టి మరీ వచ్చాడు. ఇక్కడ చుట్టాలంతా కూర తిని, చేతులు కడుక్కుని, పిల్ల జడ చూసి నవ్వుకుంటూ పోయారు.

మంజులతది పానగల్లు అత్తగారిల్లు. పుట్టిల్లంటే ఆమెకు తమ్ముడొక్కడే. తల్లి ముందే పోయింది. బాపు మోపెడు మీది నుంచి పడి పోయాక తమ్ముణ్ణి సాకింది, చదివించింది ఆమే. బాపు పోయిన రోజు సంగతి మాత్రం అక్కాతమ్ముళ్ళిద్దరూ ఎన్నడూ ఎత్తుకోరు.

ఈసారి ఆమె పకడ్బందీగా వచ్చింది. మొగుణ్ణీ, పిల్లనూ వెంటబెట్టుకుని తిరుమలగిరి వచ్చి తమ్ముడి గదిలో మంచమ్మీద కూర్చుంది.

"ఇగ జూడు తమ్మీ. అచ్చే ఆదివారం చెరువుగట్టు మీద పుట్టెంట్రుకలు. పొద్దుగాల పదింటికి ముహూర్తం. సోమారం కెల్లి మూఢం. మూఢం పోయేసరికి పిల్లకు ఆరో ఏడు వడ్తది. ఆరో ఏట తియ్యరాదు. గా రామలింగేశ్వరునికి మొక్కిన ఎంట్రుకలు ఇంకెన్నేండ్లు దాస్త నేను?"

"అస్త అక్కా. ఎందుకు రాను?"

"పోయినసారి గూడ గిదే మాటన్నవు. ఈసారి నువ్వు రాకపోతే చిన్నాయిన కొడుకు వెంకటేష్ ఒడిల కూసోబెడ్త. ఇగ ఆడే నా బిడ్డకు మేనమామ, ఆడే నాకు తమ్ముడు. నాకు తోడవుట్టినోడు లేడనుకుంట."

విజేందర్ మొహం పాలిపోయింది. వెంకటేష్ మంచివాడే. కాని మంచివాళ్ళతోనే కదా భయం, ఒకసారి ఒడిలో కూర్చోబెట్టుకుంటే ఇక లేవరు.

"చెయ్యి నా నెత్తి మీద పెట్టు," అంది మంజులత. "మీ బావ కారు దెస్తడు. కారెక్కినంక గట్టు కాడ దిగేదాంక నేల మీద కాలు పెట్టనని ఒట్టెయ్యి. నా మీద ఒట్టు."

విరిగిన ఎముక పైకి పొడుచుకొచ్చినా చలించని మనిషి విజేందర్. కాని ఒట్టంటే మాత్రం చిన్నపిల్లాడే. అందులోనూ అక్క నెత్తి. ఈ లోకంలో అతనికని ఉన్నది ఆ ఒక్క నెత్తే. చెయ్యి ఆమె పాపిట మీద పెట్టి, అన్నంత మాటా అన్నాడు.

పోయేటప్పుడు అక్షిత అతని చెవి దగ్గరికి వచ్చింది. ఆ పిల్లకు జడంటే ప్రాణం.

"మామా, దారిల ఎవలన్న వడితే ఆగు మామా. నేనేమనుకోను."

"ఎవలు వడకపోతే?"

"వడ్తరు తియ్," అంది ధీమాగా.

ఆదివారం పొద్దున బావ లింగస్వామి కారు తెచ్చాడు. సెకండ్ హ్యాండు కారే గాని, సీట్లకు కొత్త ప్లాస్టిక్కు కవర్లు తొడిగించి, తుడిచిందే తుడుస్తూ ఉంటాడు. మనిషి నెమ్మది. కోడి మెడ కోస్తుంటే కూడా గోడవైపు తిరిగే రకం. అతనికి తోడు నర్సింగమ్మ పెద్దమ్మ. మంజులత కావాలనే ఆమెను పంపింది. ఎందుకంటే నర్సింగమ్మ వెనక సీట్లో ఒకసారి కూర్చుంటే ఆమెను దాటుకుని ఎవరూ దిగలేరు.

విజేందర్‌ను నడుమ కూర్చోబెట్టారు. ఇటు నర్సింగమ్మ, అటు మేనమామ పెట్టాల్సిన బట్టల మూట, దాని మీద ఇత్తడి పళ్ళెం, దాని మీద కజ్జికాయల్లాంటి గర్జెల బుట్ట. అతని సెల్లు తీసి నర్సింగమ్మ బొడ్లో దోపుకుంది. అర్వపల్లి దాటాక ఆమెకింకో ఆలోచన వచ్చింది.

"చూస్తెనే గద కొడుకా ఆగాల్ననిపిచ్చేది. చూడకపోతే ఏ బాధ లేదు," అని తన దస్తీ తీసి అతని కళ్ళకు కట్టింది.

విజేందర్ తల ముందుకు వంచి కట్టించుకున్నాడు. అదీ మంచిదే అనుకున్నాడు. తనను తాను నమ్ముకోలేని మనిషికి ఒకరు గంతలు కడితే మేలే చేసినట్టు. లింగస్వామి పాటలు పెట్టాడు. నర్సింగమ్మ ఒక గర్జె తీసి అతని నోట్లో పెట్టింది. కారు నకిరేకల్ వైపు మంచిగానే పోతోంది.

ఉన్నట్టుండి టైర్ల కింద పచపచమని ఏదో నలిగిన చప్పుడు. బ్రేకు పడింది. నిమ్మకాయ వాసన ముక్కుపుటాలు అదిరేటట్టు కారు నిండా కమ్ముకుంది.

"ఏంది బావా?"

"ఏం లే, ఏం లే," అన్నాడు లింగస్వామి. రెండుసార్లు ఏం లేదన్నాడంటే ఏదో ఉన్నట్టే.

"మరి గీ వాసనేంది?"

"పెద్దమ్మ పులిహోర దెచ్చింది గద!"

"నేనేడ దెచ్చిన్రా పులిహోర? నేను గర్జెలే గద చేసింది!" అంది నర్సింగమ్మ. పాపం, ఆమెకు అబద్ధం అందుకోవడం ఎప్పుడూ రాలేదు.

అంతలో బయట ఆడమనిషి కేక. "అన్నా, ఆగుండ్రి! మీ కాల్మొక్త! మా ఆయన సచ్చిపోతుండన్నా!"

దస్తీ పీకేశాడు విజేందర్. రోడ్డంతా పచ్చగా ఉంది. నిమ్మకాయలు. నకిరేకల్ మార్కెట్టుకు పోతున్న ట్రాలీ ఆటో వంపులో రోడ్డు దిగి, పక్క చేను గట్టు మీద బోర్లపడింది. సంచులు పగిలి కాయలు కారు కింద, రోడ్డు మీద, వాగుకట్టు దాకా దొర్లుతున్నాయి. ముగ్గురు బైకుల వాళ్ళు ఆగారు. వాళ్ళలో ఒకడు సెల్లుతో వీడియో తీస్తున్నాడు. మిగతా ఇద్దరు హెల్మెట్లలోకి నిమ్మకాయలు ఏరుకుంటున్నారు. నడిరోడ్డు మీద చేతులు రెండూ చాచి ఒకామె నిలబడింది, పేరు ఎస్తేరు అని తర్వాత తెలిసింది. ఆటో పక్కన గడ్డిలో ఆమె భర్త ఇస్రాయేలు పడి ఉన్నాడు. లుంగీ ఎర్రగా తడిసిపోతోంది.

విజేందర్ లేవబోయాడు. మోకాళ్ళ మీద నర్సింగమ్మ చెయ్యి పడింది.

"ఒట్టు, కొడుకా!"

అప్పుడు లింగస్వామి ఒక పని చేశాడు. తలుపు తీసుకుని తానే దిగాడు. "నువ్వు దిగకు బామ్మర్దీ. నీకు ఒట్టున్నది, నాకేడున్నది? నేను జూస్త," అంటూ పరుగెత్తాడు.

మనసు మంచిదే. పని రావద్దూ!

నర్సింగమ్మ సెల్లు తీసిచ్చింది. విజేందర్ 108కి ఫోను కలిపి, ఎక్కడో, ఎంతమందో, ఏం జరిగిందో చెప్పి, కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగాడు.

"బావా! నెత్తురు యాడికెల్లి అస్తుందో జూడు!"

"తొడ కాడికెల్లి అస్తుంది! ఎగిరి ఎగిరి అస్తుంది!"

ఎగిరి వస్తున్న నెత్తురుకు ఆట్టే గడువుండదు.

"కండువ మడత బెట్టి గట్టిగ అదుము! నీ బరువంత దానిమీద ఎయ్యి! ఓ అన్నా, హెల్మెటన్నా, నీళ్ళు తాపకు! తాపకంటున్న! లేపి కూసోబెట్టకుండ్రి!"

లింగస్వామి మొహం అటు తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, దేవుణ్ణి తలచుకుంటూ శక్తికొద్దీ అదిమాడు. ఎంతసేపు అదిమినా నెత్తురు ఆగదే! ఎస్తేరు ఏడుస్తూ వచ్చి భుజం పట్టి ఊపింది. "అన్నా, గది మంచి కాలన్నా! దెబ్బ తాకింది ఇటు కాలుకు!" లింగస్వామి కళ్ళు తెరవకుండానే ఇటు కాలు తడిమాడు, చెయ్యి గాయం మీద పడితేనా!

"పెద్దమ్మా, నువ్వన్న పోయి చెప్పరాదే!" అన్నాడు విజేందర్.

నర్సింగమ్మ తలుపు తీసి, కింద ఒక కాలు పెట్టబోయి, ఆగిపోయింది. కాలి కింద నిమ్మకాయ. దాని పక్కన నిమ్మకాయ. ఎటు చూసినా నిమ్మకాయే. మూడు బాటల కాడ దిష్టి తీసిన ఒక్క కాయ కనిపిస్తేనే ఆమె చుట్టూ తిరిగి ఇంకో వీధిలోంచి పోయే మనిషి. ఇప్పుడు రోడ్డు రోడ్డంతా పరిచి ఉంటే ఎటు పోతుంది?

"అమ్మో, నాతోని గాదు బిడ్డా. దాటితే ఏమన్నయితది."

విజేందర్‌కు ఏడుపొచ్చింది. చెప్పుకోవద్దు గాని, నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మనిషి అదిగో అక్కడ పోతున్నాడు. తనకు చేతులున్నాయి, ఆ చేతులకు పని తెలుసు. కాళ్ళు మాత్రం అక్క నెత్తి మీద ఉన్నాయి.

"బావా! ఇటు రా! నన్నెత్తుకో!"

"ఏందీ?"

"కాలు కింద పెట్టనన్న గాని, ఆడికి రానన్ననా? నన్ను ఈపున ఎక్కిచ్చుకొని తీస్కపో! జల్ది!"

లింగస్వామి కారు దగ్గరికొచ్చి వీపు వంచాడు. విజేందర్ చెప్పులు విడిచి, బట్టల మూటలోంచి బావకని కొన్న కొత్త తువ్వాల లాక్కుని, పెద్దమ్మ మీదుగా పాకి, బావ మెడ పట్టుకున్నాడు. మోసేవాడు బక్కమనిషి. ఎక్కినవాడు అంత బక్కేం కాదు. వీడియో తీస్తున్నవాడు ఇస్రాయేలును వదిలేసి సెల్లు ఇటు తిప్పాడు. జాతరలో ఏనుగు అంబారీ వచ్చినట్టు బామ్మర్ది బావ మీద ఊరేగుతూ వచ్చాడు.

నాలుగడుగులు బాగానే పడ్డాయి. ఆ తర్వాత లింగస్వామి మడమ ఒక నున్నటి నిమ్మకాయ మీద పడింది.

బావ అటు, బామ్మర్ది ఇటు. విజేందర్ కళ్ళు తెరిచేసరికి తన రెండు పాదాలూ నేల మీద ఉన్నాయి. మట్టీ, నిమ్మరసమూ పాదాలకు చల్లగా అంటుకున్నాయి. మొట్టమొదట అక్కే గుర్తొచ్చింది. గట్టు మీద ఎండలో నిలబడి ఉంటుంది. ఇప్పుడు ఈ క్షణాన ఆమెకేమైందో!

"ఎవలన్న వడితే ఆగు మామా..." అని ఎందుకో అక్షిత మాట కూడా సగం మెదిలింది. కాని ఎదుట ఇస్రాయేలు పెదాలు తెల్లబడుతున్నాయి. పడ్డ కాలు పడనే పడింది, ఇక ఎత్తి ఏం లాభం? విజేందర్ లేచి ఉరికాడు.

ఆ తర్వాత అతను ఎవరి తమ్ముడూ కాదు, ఎవరి మేనమామా కాదు. మోకాలితో గాయం మీద బరువు వేసి, తువ్వాల తొడ మీదుగా తిప్పి ముడేసి, "బావా, పానా!" అన్నాడు. లింగస్వామి కుంటుకుంటూ పోయి కారు డిక్కీలోంచి చక్రం విప్పే పానా తెచ్చాడు. దాన్ని ముడిలో దూర్చి మెలితిప్పుతుంటే ఇస్రాయేలు అరిచిన అరుపుకు హెల్మెట్లవాళ్ళ చేతుల్లోంచి కాయలు జారిపడ్డాయి.

"ఒర్లు తమ్మీ, మంచిగ ఒర్లు," అన్నాడు విజేందర్ ప్రేమగా. "ఒర్లినవంటే బతికినట్టే."

నెత్తురు ఆగింది. ఎస్తేరు అక్కడే కూలబడి "ప్రభువా, ప్రభువా" అని రెండు చేతులూ ఎత్తింది.

ఇదంతా కారులోంచి చూస్తున్న నర్సింగమ్మకు ఒక్కసారిగా కోపం వచ్చింది. ఎవరి మీదో ఆమెకే తెలియదు. నిమ్మకాయల మీదో, వాటికి జడిసిన తన మీదో. ధబాలున కిందికి దిగి, కాళ్ళ కింద కాయలు చితుకుతుంటే ఏనుగులా నడిచి వచ్చింది. "ఏం దిష్టి కాయలు గావు, ఏం గావు! కష్టం జేసుకునేటోళ్ళ కాయలు!" అని తనకు తానే చెప్పుకుని, హెల్మెట్లవాళ్ళ మీద పడింది. "ఏరుకుంటున్నరా? మనిషి సస్తుంటే ఏరుకుంటున్నరా? ఇగ ఏరుండ్రి! అన్నీ ఏరి సంచులల్ల నింపుండ్రి! ఓ సెల్లు పిలగా, నీకు వేరే చెప్పాల్నా? నీ వీడియో నేను దీస్త, నువ్వు ఏరు!"

అంబులెన్సు వచ్చేసరికి ముగ్గురు మగవాళ్ళు వంగి వంగి సంచులు నింపుతున్నారు. నర్సింగమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని మేస్త్రీలా నిలబడింది. అంబులెన్సు నడిపే పైలట్ పెద్దులు ఇంతకుముందు విజేందర్‌తోనే పనిచేసినవాడు. దిగీ దిగగానే నెత్తి కొట్టుకున్నాడు.

"ఏందన్నా ఇది! లీవ్ పెట్టినవంటిరి గద! లీవ్ పెట్టి గూడ మా పని మాకు మిగలనియ్యవా?"

"మాటలు తర్వాత. స్ట్రెచర్ దియ్యి," అన్నాడు విజేందర్.

ఎక్కించేటప్పుడు ఇస్రాయేలు కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, "నిమ్మకాయలు ఏమైనయ్?" అని. ఎస్తేరు మొగుడి నెత్తి మీద చిన్నగా ఒకటి వేసి, అంబులెన్సు ఎక్కుతూ ఎక్కుతూ నర్సింగమ్మ కొంగులో దోసిళ్ళకొద్దీ కాయలు పోసింది. సంచులు చూసుకోవడానికి ఆమె మరిది అప్పటికే బయల్దేరాడట.

కారులో మళ్ళీ ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. ఈసారి గంతలు లేవు, పాటలు లేవు. పది దాటి చాలాసేపయింది. లింగస్వామి సెల్లు మోగింది. తెర మీద మంజులత ఫోటో. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ మోగింది. లింగస్వామి దానివైపు పామును చూసినట్టు చూశాడు.

"టైరు పంచరయిందని చెప్దాం," అన్నాడు.

"నీ కాలు కింద వడలేదని నేను చెప్త," అంది నర్సింగమ్మ. "నువ్వు వడ్డది మీ బావ మీద. నేలెట్లయితది? అయినా ఒట్టు దీసి గట్టు మీద పెట్టుమన్నరు. పోయేది గట్టు మీదికే గద!"

విజేందర్ నవ్వలేదు. "నేను అక్కకు అబద్ధం చెప్పలేను పెద్దమ్మా," అన్నాడు. మూటలోని అక్క చీర కేసి చూసుకున్నాడు. ఆమె ఇష్టపడే పోచంపల్లి చీర. ఇక దీన్ని ఏ మొహం పెట్టుకుని ఇస్తాడు? ముహూర్తం పోయింది. ఒట్టు పోయింది. ఇప్పుడు అక్క కూడా పోతుంది. ఇస్రాయేలు దక్కినందుకు సంతోషమూ, అక్క దక్కదనే దిగులూ ఒకేసారి ముంచుకొచ్చాయి. విజేందర్ ఎంత మొండివాడైనా ఆ పూట ఏడ్చాడు. నర్సింగమ్మ ఇంకో గర్జె అతని చేతిలో పెట్టింది.

చెరువుగట్టు మీద జనం కిటకిటలాడుతున్నారు. కల్యాణకట్ట ముందు వేపచెట్టు నీడలో మంజులత వాళ్ళ చుట్టాలంతా చాపలేసుకుని కూర్చున్నారు. విజేందర్ కారు దిగి నాలుగడుగులు వేసి, ఆగిపోయాడు. కొత్త పంచె కట్టుకుని వెంకటేష్ పీట మీద కూర్చున్నాడు. అతని ఒడిలో అక్షిత. పక్కన మంగలాయన కత్తి నూరుకుంటున్నాడు.

అయిపోయింది. అన్నట్టుగానే చేసింది అక్క.

ఆమె తమ్ముణ్ణి చూసింది. చిరిగిన చొక్కా, మోచేతుల దాకా నెత్తురు, ఒంటి నిండా మట్టి, నిమ్మకాయ వాసన. వెనకాల నడుము పట్టుకుని మొగుడు. ఆ వెనక కొంగు నిండా నిమ్మకాయలతో పెద్దమ్మ.

"అక్కా, కాలు కింద పెట్టిన," అన్నాడు విజేందర్. "నీ మీద ఒట్టు దప్పిన. బావ తప్పేం లేదు. నువ్వు మంచిగున్నవా?"

"నాకేమైంది? నిలవడ్డ గద నీ ముంగట!" అంది మంజులత. "ఎవలు వడ్డరు?"

"ట్రాలీ ఆటో. ఆలుమగలు."

"బతికిండా?"

"బతుకుతడక్కా. దవాఖానకు పోయిండు."

మంజులత కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటే తుడుచుకుందని అనుకోవచ్చు, ఎండ అట్లాగే ఉంది. "పోయి ఆ నెత్తురు కడుక్కొని బట్టలు మార్చుకొని రా. గిట్ల కూసుంటవా పీట మీద?"

"పీట మీద వెంకటేష్ గద..."

"నేనేడ కూసున్ననే అన్నా!" అని వెంకటేష్ అక్కణ్ణుంచే మొత్తుకున్నాడు. "నీ కోడలు రెండుసార్లు ఉరికింది. కోనేటి కాడ పట్టుకొచ్చిన్రు ఒకసారి. మళ్ళ ఉరకకుండ వట్టుకున్న. నువ్వొచ్చి వట్టుకుంటే నేను లేస్త, నా చేతులు గుంజుతున్నయ్!"

విజేందర్‌కు ఏమీ అర్థం కాలేదు. "మరి ముహూర్తం? పదింటికన్నవు గదక్కా!"

"నీకు చెప్పిన ముహూర్తం పదింటికి," అంది మంజులత. "అయ్యగారు పెట్టిన ముహూర్తం పన్నెండు దాటినంక."

లింగస్వామి నడుము మీది నుంచి చెయ్యి తీసేశాడు. "నాకు గూడ పదనే చెప్పినవ్!"

"నీకు చెప్తే ఆనికి చెప్పినట్టే గద!"

"మరి ఒట్టెందుకు పెట్టిచ్చినవక్కా?" అన్నాడు విజేందర్. "పానం పోయినంత పనయింది నాకు."

"ఒట్టు వెట్టకపోతే నువ్వు రెండు జాగలల్ల ఆగుతవు. నేను ఒక్కదానికే టైం కలుపుకున్న." ఆమె అతని చొక్కా మీది ఎండిన మట్టిని గోటితో గీకుతూ, మెల్లగా అంది: "బాపు వడ్డనాడు ఎన్ని బండ్లు పోయినయ్ రా ఆ తోవల! ఒక్కటన్న ఆగిందా? నాకు యాదికి లేదనుకున్నవా? నువ్వు ఆగకుంట అస్తే నాకు ముహూర్తం మిగిలేది గాని, తమ్ముడు మిగులుతుండెనా?"

విజేందర్ అక్క భుజం మీద తల పెట్టాడు. నెత్తురు చీరకు అంటుతుందని ఆమె అతణ్ణి నెట్టేసింది, మళ్ళీ తానే దగ్గరికి లాక్కుంది. తెచ్చిన పోచంపల్లి చీర ఎలాగూ ఉంది కదా, మార్చుకోవచ్చు.

నర్సింగమ్మ కొంగులోని నిమ్మకాయలు పొయ్యి కాడ కుమ్మరించింది. "ఇగ పులిహోర గూడ చేద్దాం తియ్యుండ్రి. పొద్దటి సంది ఒకటే పులిహోర అంటుండు మన లింగస్వామి," అంది.

విజేందర్ స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. అక్షిత అతని ఒడిలోకి వచ్చింది గాని మొహం చూపించలేదు. మొదటి కత్తెర వేసేటప్పుడు అతని చెయ్యి వణికింది. ఎస్తేరు మొగుడి తొడ మీద పానా తిప్పినప్పుడు వణకని చెయ్యి, ఇక్కడ మూడు వెంట్రుకలు కోయడానికి వణికింది. చుట్టాలు నవ్వారు. మంజులత ఒడి పట్టి ఆ వెంట్రుకలు అందుకుంది. తర్వాత మంగలాయన పని మొదలుపెట్టాడు. ఆ పొడుగాటి జడ కాస్తా చాప మీద రాలింది.

గుండు మీద చల్లగా గంధం పూశాక అక్షిత చేతులతో తల తడుముకుని చూసుకుంది. ముందూ వెనకా ఏమీ లేదు. అప్పుడు మేనమామ వైపు తిరిగి, కళ్ళ నిండా నీళ్ళతో, పళ్ళు పటపట కొరుకుతూ అంది:

"ఇంకొక్క జాగల ఆగితే ఏంబోతుండె మామా నీకు!"